కాపాడే రెప్పే కంటిని పొడిస్తే... పిల్లులకు రెప్ప వెంట్రుకల బాధ

మల్కాజ్‌గిరి: పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందని సామెత. రెండు కళ్ళూ మూసుకుని తాగితే సామెత నిజమేనని నవ్వుకోవచ్చు. కాని ఒక కన్ను మాత్రమే సగం మూసుకుని, ఆ కంటి నుంచి ముక్కు పక్కగా నీటి చార దిగి, మాటిమాటికీ ముందు కాలితో ఆ కన్నే రుద్దుకుంటూ తిరిగే పిల్లిని చూసి నవ్వవలసిన పని లేదు. ఆ కన్ను నొప్పి పెడుతున్నదన్నమాట. నొప్పికి కారణం బయటి నుంచి వచ్చి పడిన నలకే కానక్కర లేదు. దాని ఒంటి వెంట్రుకే దాని కంటిని పొడుస్తూ ఉండవచ్చు.

ఒకప్పుడు సికింద్రాబాద్ పొలిమేరలో పల్లెగా ఉండి, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసి, 2016లో జిల్లా పేరులో సగం తానే అయిన మల్కాజ్‌గిరిలో ఇప్పుడు రెండు రకాల పిల్లులు కనిపిస్తాయి. ఒకటి గోడల మీద నడిచే దేశవాళీ పిల్లి. రెండోది అపార్టుమెంట్లలో సోఫా దిగని పర్షియన్ పిల్లి. మూతి చదును, ఒళ్ళంతా బొచ్చు, గుండ్రటి పెద్ద కళ్ళు. అటు కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట పల్లెలలో వడ్ల బస్తాల దగ్గర, గడ్డివాముల దగ్గర ఎలుకల పని పట్టేది మొదటి రకమే. దాని కంటికి జబ్బు చేస్తే పట్టించుకునే వారు తక్కువ. బర్రె కన్ను కారితే ఆ రోజే డాక్టరు దగ్గరకు పోతాం. పిల్లి కన్ను కారితే “అదే తగ్గుతుందిలే” అంటాం. అది తగ్గే రకమో కాదో తెలుసుకోవడానికే ఈ నాలుగు మాటలు.

కంచే చేను మేసినట్టు

కంటిని రెప్ప కాపాడినట్టు అని పెద్దలు అంటారు. రెప్ప చేసే పని నిజంగా గొప్పదే. దుమ్ము రాకుండా మూస్తుంది, ప్రతి మూతకూ కన్నీటిని నల్లగుడ్డు మీద పలచగా పూస్తుంది. రెప్ప అంచున వరుసగా సన్నటి నూనె గ్రంథులు ఉంటాయి. ఆ నూనె కన్నీటి మీద పొరలా పరుచుకుని తడి ఆరిపోకుండా చూస్తుంది. ఇదంతా మనిషికీ పిల్లికీ ఒకటే.

తేడా వెంట్రుకలలో ఉన్నది. మనకున్నట్టు రెప్ప అంచున విడిగా, వంకీ తిరిగిన వెంట్రుకల వరుస పిల్లికి లేదు. దాని పై రెప్ప మీద ఒంటి బొచ్చులోని మొదటి వరుసే రెప్ప వెంట్రుకల పని చేస్తుంది. రెప్ప అంచు మాత్రం నున్నగా, బోడిగా ఉండాలి. ఆ నున్నటి అంచు కంటికి ఆనుకుని ఉన్నంత కాలం ఏ బాధా లేదు. ఆ అంచు లోపలికి తిరిగినా, అంచు మీద మొలవకూడని చోట వెంట్రుక మొలిచినా, అసలు అంచే లేకపోయినా కంచే చేను మేసినట్టు అవుతుంది.

నల్లగుడ్డు మీద అద్దం వంటి పొర ఒకటి ఉన్నది. దాని మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు. నరాలు మాత్రం అందులో దట్టంగా ఉంటాయి. మన కంట్లో చిన్న వెంట్రుక పడితే ఎంత గింజుకుంటామో అందరికీ అనుభవమే. మనం అద్దం ముందు నిలబడి కొంగు అంచుతోనో రుమాలుతోనో తీసుకుంటాం. పిల్లికి ఆ సౌకర్యం లేదు. రెప్ప కొట్టినప్పుడల్లా ఆ వెంట్రుక అద్దం పొరను గీస్తూనే ఉంటుంది. రోజుకు ఎన్ని వేలసార్లు గీస్తుందో ఊహించుకోవలసిందే.

ఎన్ని తీరులుగా వస్తుంది?

పశువైద్యులు దీనిని అనేక పేర్లతో పిలుస్తారు. పేర్ల సంగతి ఎలా ఉన్నా తీరులు తెలుసుకుంటే మేలు.

అన్నిటికంటె తేలికగా కనిపించేది పర్షియన్ పిల్లిలో. మూతి అణిగిపోయి ముక్కు పక్క చర్మం మడత పడుతుంది. ఆ మడత మీది బొచ్చు కంటి లోపలి మూలను తాకుతూ ఉంటుంది. వెంట్రుక మొలిచిన చోటు సరి అయినదే, తిరిగిన దిక్కు సరి కాదు. దీనినే ట్రైకియాసిస్ అంటారు. వెంట్రుక వెంబడి కన్నీరు బయటికి పాకి, ముక్కుకు రెండు వైపులా తుప్పు రంగు చారలు కడుతుంది. కొన్నవారు అది ఆ జాతి లక్షణమని అనుకుంటారు. లక్షణం కాదు, కన్నీరు.

రెండవది రెప్ప అంచు లోపలికి చుట్టుకుపోవడం, ఎంట్రోపియన్ అనేది. పిల్లులలో వెంట్రుకల బాధ ఎక్కువగా వచ్చేది ఈ దారినే. క్రింది రెప్ప చాప అంచు చుట్టుకున్నట్టు లోపలికి మడిచి, బయటి బొచ్చు అంతా కంటికి రాసుకుంటుంది. చదును మూతి పిల్లులలో చిన్న వయసులోనే రావచ్చు. వయసు మళ్ళిన గండుపిల్లులలో మరో కారణం చేత వస్తుంది. ముసలితనంలోనో, జబ్బు పడి చిక్కిపోయినప్పుడో కంటిగుడ్డు వెనుక ఉన్న కొవ్వు కరిగి గుడ్డు లోపలికి దిగుతుంది. ఆసరా పోయిన రెప్ప వదులై లోపలికి తిరుగుతుంది.

మూడవది పుట్టుకతోనే వచ్చే లోపం. కొన్ని పిల్లి పిల్లలకు పై రెప్పలో బయటి వైపు భాగం ఏర్పడనే ఏర్పడదు. చాలాసార్లు రెండు కళ్ళకూ ఇలాగే ఉంటుంది. అక్కడ అంచు లేనందున చర్మం మీది బొచ్చు నేరుగా కంటి మీదికి వాలుతుంది, కన్ను పూర్తిగా మూతపడదు. ఇది దేశవాళీ వీధి పిల్లుల పిల్లలలో కూడా కనిపించే లోపం. జంతుప్రదర్శనశాలలలో పుట్టే మంచు చిరుత కూనలలో కూడా ఈ లోపం కనిపించినట్టు పశువైద్య గ్రంథాలలో ఉన్నది. హిమాలయాల చిరుతకూ మన గోడ మీది పిల్లికీ ఒకే లోపం రావడం విచిత్రమే.

ఇక మిగిలినవి రెండూ పిల్లులలో అరుదు, కుక్కలలో ఎక్కువ. రెప్ప అంచున ఉండే నూనె గ్రంథుల రంధ్రాలలో నుంచి వెంట్రుకలు మొలవడం ఒకటి. దీనిని డిస్టికియాసిస్ అంటారు. రెప్ప లోపలి ఎర్రటి పొరను చీల్చుకుని ఒకే ఒక వెంట్రుక నేరుగా కంటి మీదికి మొలవడం రెండవది. ఈ చివరిది చూపునకు ఆనదు. మామూలుగా పై రెప్ప నడుమ, లోపలి వైపున ముల్లులా ఉంటుంది. రెప్ప తిరగేసి భూతద్దంతో వెతికితే గాని దొరకదు. వెంట్రుక ఒక్కటే అయినా అది పెట్టే బాధ మిగిలిన వాటన్నిటి కంటె ఎక్కువ.

అవ్వ పిల్లి కథ

మల్కాజ్‌గిరి రైల్వే స్టేషను వైపు ఒక సందులో ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలికి ఒక గండుపిల్లి ఉన్నది. పదేళ్ళ పైబడిన పిల్లి. దాని చలవ వలన ఆ వరుస ఇళ్ళలో ఎలుకల మాట లేదని చుట్టుపక్కల వారే చెబుతారు. ఎడమ కన్ను నీరు కారడం మొదలై నెల దాటినా ఆమె పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోలేదనడం కూడా సరి కాదు, తనకు తెలిసినదంతా చేసింది.

“ఎండకు నీళ్ళు గారుతున్నయనుకున్న బిడ్డా. చాయపత్తి నీళ్ళతోని కడిగిన. దిష్టి గూడ తీసిన. మందుల దుకాణంల చుక్కల మందు తెచ్చి ఏసిన. ఏసినప్పుడు రెండు రోజులు మంచిగనే ఉండె, మళ్ల మొదలాయె” అని ఆమె అన్నది.

చుక్కల మందు వేస్తే రెండు రోజులు మంచిగా ఉండటం అనే ముక్కను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. దాని సంగతి ముందు వస్తుంది.

చివరకు పక్కింటి కుర్రవాడు పిల్లిని బుట్టలో పెట్టి పశువైద్యురాలి దగ్గరకు తీసుకుపోయాడు. అవ్వ కూడా వెంట వెళ్ళింది. డాక్టరమ్మ ముందుగా నారింజ రంగు కాగితపు ముక్క ఒకటి తడిపి పిల్లి కంటికి తాకించింది. నీలి వెలుతురు వేసి చూస్తే నల్లగుడ్డు మీద క్రింది భాగంలో మినపగింజంత మేర ఆకుపచ్చగా వెలిగింది. పొర చెక్కుకుపోయిన చోట మాత్రమే ఆ రంగు అంటుకుంటుంది. అంటే అక్కడ పుండు పడింది.

తర్వాత చేసిన పరీక్ష చిన్నదే గాని, అసలు విషయం తేల్చేది అదే. మొద్దుబార్చే మందు ఒక చుక్క వేసి రెండు నిమిషాలు ఆగింది. ఇందులో కిటుకు ఉన్నది. కంట్లో నొప్పి ఉంటే ఏ జంతువైనా రెప్ప బిగపట్టుకుంటుంది, ఆ బిగింపుకే రెప్ప అంచు లోపలికి మడుస్తుంది. నొప్పి పోగానే రెప్ప దానంతట అదే బయటికి వస్తే మడత నొప్పి వలన వచ్చినదే, ముందు నొప్పికి కారణం వెతకాలి. నొప్పి పోయినా మడత పోకపోతే లోపం రెప్పలోనే ఉన్నది. అవ్వ పిల్లికి మడత పోలేదు.

“అమ్మా, ఇది ఎండ కాదు, నలక కాదు. రెప్ప లోపలికి తిరిగి దాని బొచ్చే దాన్ని పొడుస్తున్నది. చిన్న ఆపరేషను చేయాలి” అని డాక్టరమ్మ చెప్పింది.

“కన్ను తీస్తవా బిడ్డా?” అని అవ్వ అడిగిన మొదటి మాట.

“కన్ను తియ్యనమ్మా. రెప్ప కింద తోలు కొంచెం తీసి కుడతాను. ఇంకో నెల ఆగి వస్తే మాత్రం ఏమయ్యేదో చెప్పలేను.”

ఆపరేషను జరిగింది. కన్ను నిలిచింది. పుండు మానిన చోట తెల్లటి మచ్చ మిగిలింది, అది పోదు.

పువ్వు, పెచ్చు

నెలల తరబడి వెంట్రుక గీస్తూ ఉంటే ఏమవుతుందో చెప్పుకోవాలి. మొదట నీరు, తర్వాత పుసులు. కంటి లోపలి మూల నుంచి మూడో రెప్ప తెల్లగా సగం దాకా పైకి వస్తుంది. చూసినవారు కంటికి పొర కమ్మిందని భయపడతారు. నిజానికి అది కన్ను తనను తాను దాచుకోవడం. అటు తర్వాత అద్దం పొర మసకబారి నీలి తెలుపుకు తిరుగుతుంది. మన ఊళ్ళలో “కంట్లో పువ్వు వేసింది” అనేది దీనినే. పుండులో సూక్ష్మక్రిములు చేరితే పొర కరిగి చిల్లు పడవచ్చు. చిల్లు పడితే ఆ కన్ను దక్కడం కష్టం.

పిల్లులలో మరో విచిత్రం ఉన్నది. గీత పడుతూ పడుతూ ఉన్న చోట పొర చచ్చిపోయి గోధుమ రంగు నుంచి బొగ్గు నలుపు దాకా తిరిగి, పెచ్చులా అంటుకుని ఉంటుంది. ఇది పిల్లులకు ప్రత్యేకమైన జబ్బు. పర్షియన్ జాతిలో మరీ ఎక్కువ. నల్లగుడ్డు మీద నల్ల మచ్చ గదా, చాలా మంది పోల్చుకోలేరు. కొందరు మట్టి అంటుకున్నదనుకుని గుడ్డతో తుడవబోతారు. ఎంతమాత్రం చేయకూడదు. లోతు ఎంతో డాక్టరే చూడాలి. అవసరమైతే ఆ పెచ్చును కోసి తీస్తారు.

మనం చేసే అపచారాలు

పల్లెలలో కంటి జబ్బుకు వైద్యం చేయని వారు లేరు. ఆకు పసరు, పసుపు, ఆముదం, తల్లిపాలు వేస్తారు. పశువు కంట్లో ఉప్పు నమిలి ఊసేవారు కూడా ఉన్నారు. ఒరుసుకుపోయిన కంటి మీద వీటిలో ఏది వేసినా పుండు మీద కారం చల్లినట్టే. వెంట్రుక మాత్రం అక్కడే ఉంటుంది.

అంతకంటె చేటు చేసేది మందుల దుకాణంలో అడగగానే ఇచ్చే చుక్కల మందు. మనుషుల కంటి చుక్కలలో కొన్నింటిలో డెక్సామెథాసోన్, బెటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ మందులు కలిసి ఉంటాయి. వేయగానే ఎరుపు తగ్గుతుంది, బాధ తగ్గినట్టే ఉంటుంది. కాని పుండు మానే శక్తిని ఇవి అణచివేస్తాయి. పైకి నిమ్మళంగా ఉండి లోపల పుండు లోతు అవుతుంది. అవ్వ చెప్పిన “రెండు రోజులు మంచిగనే ఉండె” అన్న ముక్కకు ఇది ఒక కారణం కావచ్చు. పుండు ఉన్నదో లేదో ఆకుపచ్చ పరీక్ష చేయకుండా ఈ మందు వేయరాదు.

నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ బిళ్ళ ఇచ్చేవారున్నారు. మనిషికి జ్వరం తగ్గించే ఆ బిళ్ళ పిల్లికి విషం. దాన్ని విరిచి తొలగించే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీయగలదు. కంటి కోసం పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇక కత్తెర. బొచ్చు కన్ను పొడుస్తున్నది గదా, కత్తిరిస్తే పోతుందని తోస్తుంది. ముక్కు మడత మీది పొడుగు బొచ్చును తెలిసినవారు జాగ్రత్తగా పొట్టి చేయడం వేరు, రెప్ప అంచున మొలిచిన వెంట్రుకను కత్తిరించడం వేరు. గడ్డం గీసిన మర్నాడు చెంప ఎలా గరగరలాడుతుందో మగవారికి తెలుసు. పొడుగు వెంట్రుక కనీసం వంగుతుంది. కత్తిరించిన మొలక వంగదు, సూదిలా నిలబడి మరింత పొడుస్తుంది. పైగా కదిలే పిల్లి కంటి దగ్గర కత్తెర మొన పెట్టడం ఎవరికీ మంచిది కాదు.

చికిత్స కొత్తదేమీ కాదు

డాక్టర్లు చేసేది రోగాన్ని బట్టి ఉంటుంది. అదనంగా మొలిచిన వెంట్రుకను శ్రావణంతో పీకవచ్చు. కాని కొద్ది వారాలలో తిరిగి మొలుస్తుంది. వెంట్రుకే కారణమా కాదా అని నిర్ధారించుకోవడానికి ముందుగా పీకి చూసే డాక్టర్లు ఉన్నారు. శాశ్వతంగా పోవాలంటే వేరు చావాలి. విద్యుత్తుతో కాలుస్తారు, లేదా గడ్డకట్టిస్తారు. రైతులకు ఈ రెండవది తెలియనిది కాదు. బర్రెలకు సూది వేయడానికి గోపాలమిత్ర తెచ్చే క్యానులో పొగలు కక్కుతూ ఉండే ద్రవ నత్రజని సున్నాకు 196 డిగ్రీల క్రింద ఉంటుంది. వీర్యాన్ని నిలవ ఉంచే ఆ చలువనే అతి కొద్దిగా, కొద్ది క్షణాలు వెంట్రుక మొదట తాకిస్తే వేరు చస్తుంది. రెప్ప లోపల ముల్లులా మొలిచిన వెంట్రుకనైతే చుట్టూ ఉన్న చిన్న ముక్కతో సహా కోసి తీస్తారు.

రెప్ప లేకుండా పుట్టిన కూనకు లోపం చిన్నదైతే అక్కడి వెంట్రుకలను చంపి సరిపెడతారు. పెద్దదైతే క్రింది రెప్ప నుంచో, పెదవి మూల నుంచో ముక్క తిప్పి కొత్త రెప్ప కడతారు. పెదవితో రెప్ప కట్టడం వింతగా తోచవచ్చు. పెదవికి కూడా నున్నటి తడి అంచు ఉన్నది గదా, అందుకే అది పనికివస్తుంది. కూన కొంచెం పెరిగేదాకా కన్ను ఆరిపోకుండా డాక్టరు చెప్పిన జిగురు మందు వేస్తూ కాపాడుకోవాలి.

లోపలికి చుట్టుకున్న రెప్పకు చేసే ఆపరేషను మాత్రం చెప్పుకోదగినది. రెప్ప అంచుకు దగ్గరగా, దానికి సమాంతరంగా నెలవంక ఆకారంలో చర్మం ముక్క తీసివేసి రెండు అంచులూ కలిపి కుడతారు. తోలు బిగిసి రెప్ప బయటికి తిరుగుతుంది. దీనికి డాక్టర్లు హాట్జ్-సెల్సస్ పద్ధతి అని పేరు పెట్టారు. ఇందులోని సెల్సస్ దాదాపు 2000 ఏళ్ళ క్రిందటి రోమను వైద్య రచయిత. మన సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో కూడా మనిషికి వచ్చే ఇదే బాధను పక్ష్మకోపం అన్నారు. రెప్ప మీద యవగింజ ఆకారంలో తోలు తీసి వెంట్రుకతో కుట్టమని అందులో చెప్పారు. పద్ధతి ఒకటే, ఆకారం కూడా ఇంచుమించు ఒకటే. కంటి మీది వెంట్రుకను తొలగించడానికి వెంట్రుకతోనే కుట్టమన్న ఆ పెద్దల తెలివి మెచ్చుకోదగినది.

మనుషులలో ఈ బాధ ఎక్కువగా ట్రకోమా అనే అంటు జబ్బు వలన వచ్చేది. రెప్ప లోపల మచ్చలు కట్టి, రెప్ప ముడుచుకుని, వెంట్రుకలు గుచ్చుకుని ఎందరికో చూపు పోయింది. మన దేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. మనిషికి తప్పిన బాధ పిల్లికి ఉండిపోయింది. దానికి అది అంటుజబ్బు కాదు, పుట్టుక వలననో ముసలితనం వలననో వచ్చేది.

అన్నీ వెంట్రుకలే కావు

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లి కన్ను కారడానికి వెంట్రుక ఒక్కటే కారణం కాదు. కూనలలో కళ్ళు పుసులు కట్టి అతుక్కుపోవడం ఎక్కువగా పిల్లుల జలుబు వలన వస్తుంది. తుమ్ములు, ముక్కు కారడం, తిండి మానడం ఉంటే అదేనని అనుమానించాలి. అది ఒక రకమైన హెర్పిస్ వైరస్ పని. మనుషులకు అంటదు గాని పిల్లి నుంచి పిల్లికి పాకుతుంది. ఒకసారి వస్తే ఒంట్లో దాగి ఉండి నీరసించినప్పుడల్లా తిరిగి లేస్తుంది. ఈ జబ్బు పెట్టే నొప్పికి రెప్ప బిగపట్టి బిగపట్టి చివరకు మడత నిలిచిపోయే పిల్లులు కూడా ఉన్నాయి. కనుక ఏది ముందు, ఏది వెనుక అన్నది డాక్టరు తేల్చవలసిన విషయం. దీనికి టీకా ఉన్నది. టీకా వేసిన పిల్లికి జబ్బు వచ్చినా తీవ్రత తక్కువ. అతుక్కుపోయిన కూన కళ్ళను గోరువెచ్చటి, కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదితో మెత్తపరచి తుడవాలి. గోటితో పెరకరాదు.

కొనేవారూ, గొర్రెల కాపరులూ

పర్షియన్ కూనలను కొనేవారు మూతి ఎంత అణిగి ఉంటే అంత అందమనుకుంటున్నారు, అమ్మేవారు అదే చూసి జత కడుతున్నారు. అణిగిన కొద్దీ కంటి గుంట లోతు తగ్గి గుడ్డు ముందుకు పొడుచుకు వస్తుంది, ముక్కు మడత పెరుగుతుంది, కన్నీరు దిగే సన్న గొట్టం వంకర పోతుంది. అందం పేరిట కంటి జబ్బును కొని తెచ్చుకోవడం ఈ విలేఖరికి సబబుగా తోచదు. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదు. కొనేటప్పుడు రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి ఉన్నాయా, ముక్కు పక్క చారలు ఉన్నాయా, వీలైతే తల్లి కళ్ళు ఎలా ఉన్నాయి అని చూడటానికి ఖర్చు ఏమీ కాదు.

పిల్లి గొడవ మనకెందుకు అనుకునే గొర్రెల కాపరులకు కూడా ఇందులో పని ఉన్నది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలలో క్రింది రెప్ప లోపలికి మడిచి ఉండటం కద్దు. ఈనిన మొదటి రెండు మూడు రోజులలో పిల్ల కళ్ళు చూడాలి. నీరు కారుతూ కన్ను తెరవకపోతే శుభ్రమైన వేలితో క్రింది రెప్పను మెల్లగా బయటికి లాగి వదలాలి. రోజుకు నాలుగైదు సార్లు ఇలా చేస్తే తేలికపాటి మడత దానంతట అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే డాక్టరు రెప్ప తోలు క్రింద సూది మందు ఎక్కించి ఉబ్బేలా చేస్తారు, లేదా ఒకటి రెండు కుట్లు వేస్తారు. ఆలస్యమైతే కన్ను కనబడని పిల్ల తల్లి పొదుగు వెతుక్కోలేక చిక్కిపోతుంది. ఇది వంశపారంపర్యంగా దిగే లోపం. ఒకే పొట్టేలుకు పుట్టిన పిల్లలలో పదే పదే కనిపిస్తే ఆ పొట్టేలును మందలో ఉంచరాదు.

ఆసుపత్రికి తీసుకుపోయే వారికి

పిల్లిని ఒట్టి చేతులతో ఎత్తుకుని బస్సెక్కితే అది బెదిరి దూకుతుంది. మూత ఉన్న బుట్టలోనో, గాలి ఆడే అట్టపెట్టెలోనో పాత తువాలు పరిచి తీసుకుపోవాలి. ఆ తువాలుతోనే మెడ దాకా చుట్టి, తల మాత్రం బయటికి ఉంచితే డాక్టరు చూడటానికి వీలవుతుంది. రక్కినా కరిచినా ఆ చోట 15 నిమిషాలు సబ్బు నీటితో కడిగి, పిచ్చికుక్క వ్యాధి టీకా విషయం అదే రోజు ఆసుపత్రిలో అడగాలి. పిల్లి కాటుకు టీకా అక్కర లేదనుకోవడం పొరపాటు.

పల్లెలోని పశువైద్యశాలలో కంటి ఆపరేషను సామాను ఉండకపోవచ్చు. రంగు కాగితం పరీక్ష అక్కడ కాకపోతే పెద్ద ఆసుపత్రికి చీటీ రాయించుకోవాలి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల 1946 నాటిది, ఇప్పుడు పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం క్రింద ఉన్నది. నగరంలో పిల్లులకు, కుక్కలకు ప్రత్యేకంగా వైద్యం చేసే ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉన్నాయి. ఇంతకు ముందు ఏ చుక్కల మందు వేశారో ఆ సీసా వెంట తీసుకుపోవాలి. ఆపరేషను ఉంటే ముందు ఎన్ని గంటలు తిండి పెట్టకూడదో అడిగి తెలుసుకోవాలి.

ఆపరేషను తర్వాత అసలు తిప్పలు మొదలవుతాయి. కుట్లు దురద పెడతాయి, పిల్లి గోకుతుంది, ఒక్క గోకుడుకే కుట్టు ఊడుతుంది. మెడ చుట్టూ గరాటు ఆకారపు పట్టీ కట్టాలి. దుకాణంలో దొరకకపోతే పాత ఎక్స్‌రే ఫిల్మును గుండ్రంగా కత్తిరించి, అంచుకు మెత్తటి గుడ్డ కుట్టి కట్టుకోవచ్చు. పట్టీతో పిల్లి వెనక్కి వెనక్కి నడుస్తుంది, అలిగి రెండు రోజులు మంచం క్రింద కూర్చుంటుంది. జాలిపడి తీసేయరాదు. తిండి గిన్నె కొంచెం ఎత్తు మీద పెడితే తింటుంది. కరిగే దారం వాడకపోతే కుట్లు విప్పడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అంతవరకు గోడలెక్కకుండా ఒక గదిలో ఉంచాలి. కుట్లు విప్పిన రోజు మరొకసారి ఆకుపచ్చ పరీక్ష చేయించి, పుండు పూర్తిగా మానిందని డాక్టరు చెప్పిన తర్వాతే పట్టీ విప్పాలి.